తెలుగు వినిపించిన పెట్టెలు



కొత్త ఫ్లాటులోకి పోయే మన పిల్లలు నన్ను ఒక ప్రశ్న అడుగుతుంటారు. "మామా, హాల్లో పెట్టుకోవడానికి ఏ ఆడియో సిస్టం మంచిది? ఎన్ని వాట్లు కావాలి?" నాకు రేడియోలు, టేప్ రికార్డర్లు విప్పి బిగించే పిచ్చి ఉందని వాళ్ళకు తెలుసు. ఒక కంపెనీ పేరు, ఒక రేటు చెప్పేస్తే పని అయిపోతుంది. గాని తమిళనాట ఉన్న మనబోటి వాళ్ళ ఇళ్ళకు ఈ పెట్టె పాటల కోసం మాత్రమే రాలేదు. మనకు అది బడి కూడా. ఆ కథ చెప్పకుండా ఏది కొనాలో చెబితే సగమే చెప్పినట్టు. అందుకని ఈసారి వ్యాసం కొంచెం పొడుగు. టిఫిను అయినాక తీరిగ్గా చదవండి.

నేను చదివింది తమిళ మీడియం. పెరిగింది అరక్కోణం రైల్వే క్వార్టర్సులో. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం, నాయన ఆఫీసు కాగితాల్లో ఇంగ్లీషు. తెలుగు అక్షరాలు కూడబలుక్కుని నేర్చుకున్నది ఉద్యోగంలో చేరినాకే. మీలో చాలామంది కథ ఇదే. తమిళ లిపిలో క, ఖ, గ, ఘ నాలుగింటికీ ఒకటే అక్షరం. ప, ఫ, బ, భ నాలుగింటికీ ఒకటే. ఆ లిపిలో మనం తెలుగు పాట రాసుకుంటే 'భారతం' పారతం అవుతుంది, 'గంగ' కంక కూడా కావచ్చు. ఏది ఎట్లా పలకాలో కాగితం చెప్పదు, చెవి చెప్పాలి. ఇంట్లో మాట్లాడే తెలుగులోనో ఒత్తులు ఎప్పుడో కరిగిపోయినాయి. మా అవ్వ 'బారతం' అనేది, 'దనం' అనేది. ఆమె తెలుగు తియ్యనిదే, గాని అందులో 'భ' లేదు. నాకు 'భ' వినిపించింది గోడ పక్కన బల్ల మీద కూర్చున్న పెట్టె.

ఆ పెట్టెల్లో మొదటిది గ్రామఫోను. మన దేశంలో గ్రామఫోను కంపెనీ రికార్డింగు మొదలుపెట్టింది 1902లో, కలకత్తాలో. పాడిన వాళ్ళలో పేరు పొందింది గౌహర్ జాన్. పాట ముగియగానే ఆమె తన పేరు తనే గట్టిగా చెప్పుకునేది. గొప్పకు కాదు. అప్పుడు మైనపు పలకలు జర్మనీలో హానోవర్‌కు పోయి ప్లేట్లుగా అచ్చయి తిరిగి రావాలి. అక్కడి పనివాళ్ళకు లేబుల్ మీద ఏ పేరు వేయాలో తెలియాలి కదా. 1908లో కలకత్తాలోనే ఫ్యాక్టరీ వచ్చినాక ఆ ప్రయాణం తప్పింది. ఈ పేరు చెప్పుకునే సంగతి గుర్తుపెట్టుకోండి, దీనితో మనకు చివర పని ఉంది.

ప్లేటు చేసేది లక్కతో. లక్క పురుగు మన అడవుల్లోనే దండిగా. అది నిమిషానికి 78 సుట్లు తిరగాలి, పది అంగుళాల ప్లేటు ఒక పక్కకు సుమారు మూడు నిమిషాలు. ఉక్కు సూది ప్రతి పక్కకూ మార్చాలి. చిన్న రేకు డబ్బాల్లో సూదులు అమ్మేవాళ్ళు. మూడు నిమిషాలలో ఒక రాగం ఆలాపన ఏం ఇముడుతుంది? మన కచేరీ విద్వాంసులకు అది చొక్కా చేతిలో కాలు దూర్చినట్టే. గాని నాటకం పద్యానికి ఆ కొలత సరిగ్గా సరిపోయింది. సీసమో, ఉత్పలమాలో రాగం తీసి పాడితే రెండు మూడు నిమిషాలే. తెలుగు పద్యనాటకం ప్లేట్ల మీద అంతగా నిలబడటానికి ఇదొక కారణమని నా అభిప్రాయం. స్థానం నరసింహారావు సత్యభామను చూడటానికి మన తాతలు తెనాలికో బెజవాడకో పోలేదు, అరక్కోణంలోనే కూర్చుని విన్నారు.

మద్రాసు ఈ వ్యాపారానికి పెద్ద కేంద్రం. ఏవీఎం స్టూడియో పెట్టిన ఏ.వి. మెయ్యప్పన్ సినిమాల్లోకి రాక ముందు చేసింది ఇదే పని. సరస్వతీ స్టోర్స్ అనే సంస్థలో భాగస్వామిగా ఓడియన్ ప్లేట్లు అమ్మించినాడు. తమిళ ప్లేటు, తెలుగు ప్లేటు ఒకే అరలో పక్కపక్కన. మా తాత దగ్గర ఉండింది సూట్‌కేసు లాంటి మడత పెట్టె, కుక్క బొమ్మది. తాళం తిప్పితే స్ప్రింగు బిగుస్తుంది, కరెంటు అక్కరలేదు. ఆయన పోయేనాటికి అందులో స్ప్రింగు తెగింది. ప్లేట్లు మటుకు గోనెసంచిలో చాలా కాలం ఉండినాయి.

ఇక్కడ ఒక సాంకేతిక సంగతి. 1925కు ముందు ప్లేట్లను మైకు లేకుండా గొట్టం ముందర నిలబడి పాడి తీసేవాళ్ళు. ఆ పద్ధతిలో సుమారు రెండు వేల హెర్ట్జ్ దాటిన శబ్దం ప్లేటు మీదికి ఎక్కేది కాదు. మనిషి గొంతులో అచ్చులు అంతలోనే ఉంటాయి, కాబట్టి పాట తెలుస్తుంది. శ, ష, స మాత్రం ఎక్కువగా మూడు వేల నుంచి ఎనిమిది వేల హెర్ట్జ్ మధ్య ఉండే శబ్దాలు. కాబట్టి ఆ కాలపు ప్లేట్లలో 'శివుడు' ఉన్నాడు, ఆయన 'శ' లేదు. 1925 నుంచి మైకుతో, కరెంటుతో రికార్డింగు వచ్చినాక అయిదు వేల దాకా పోయింది, 'శ' కొంచెం తల ఎత్తింది. ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, ఏ పెట్టె మన భాషలో ఎంత భాగాన్ని మోసుకొస్తుంది అన్నదే నాకు అసలు ప్రశ్న. స్పీకరు కొనేటప్పుడు కూడా అదే ప్రశ్న.

తరవాత రేడియో. ఇందులో మద్రాసుది ముందు వరస. సి.వి. కృష్ణస్వామి చెట్టి నడిపిన మద్రాస్ ప్రెసిడెన్సీ రేడియో క్లబ్ 1924 జులై 31న ప్రసారం మొదలుపెట్టింది. డబ్బు చాలక 1927లో మూతపడింది. ఆ యంత్రం కార్పొరేషన్‌కు పోయింది. 1930 ఏప్రిల్ 1 నుంచి నగరపాలక సంస్థే రేడియో నడిపింది. ఇంట్లో సెట్టు లేని వాళ్ళు మెరీనా లాంటి చోట్ల లౌడ్ స్పీకర్ల కింద ఇసకలో కూర్చుని వినేవాళ్ళు. 1938 జూన్ 16న ఆల్ ఇండియా రేడియో మద్రాసు కేంద్రం మొదలయింది, మరుసటి ఏడు మే 16న తిరుచ్చి కేంద్రం.

మనలో చాలామంది మరిచిపోయిన ముచ్చట ఒకటి ఇక్కడ ఉంది. పదేళ్ళ పాటు, 1948 డిసెంబర్ 1న విజయవాడ కేంద్రం తెరిచే దాకా, మద్రాసు రాష్ట్రంలోని తెలుగు వాళ్ళందరికీ రేడియో తెలుగు అంటే మద్రాసు తెలుగే. బాలాంత్రపు రజనీకాంతరావు గారు 1941లో ఉద్యోగంలో చేరింది మద్రాసు కేంద్రంలోనే. అప్పుడు కాకినాడలో వినే పాట మన ఊళ్ళ మీదుగా పోయేది. 1948 తరవాత ఆ బరువు విజయవాడకు మారింది. 1953లో ఆంధ్ర రాష్ట్రం వచ్చింది, పట్టణం ఇక్కడే నిలిచింది, మనమూ ఇక్కడే నిలిచినాము. అప్పటిదాకా మన ఇంటి నుంచి బయటికి పోయిన తెలుగు, ఆ తరవాత బయటి నుంచి మన ఇంటికి రావలసి వచ్చింది. నా లెక్కలో మన చరిత్రలో ఆ మలుపు పెద్దది. దాన్ని ఎవరూ రాయలేదని బాధ లేదు, రేడియో ముల్లు తిప్పినవాళ్ళకు తెలుసు.

ఇంకో మాట కూడా న్యాయంగా చెప్పాలి. అదే కాలంలో తమిళ ఇసై ఉద్యమం వచ్చింది. కచేరీల్లో అంతా తెలుగు కీర్తనలే, తమిళ పాట చివర తుక్కడాగా వస్తుందని వాళ్ళ బాధ. 1943లో తమిళ ఇసై సంఘం పెట్టినారు. మనవాళ్ళు కొందరు ఇప్పటికీ దాన్ని తెలుగు మీద కోపమని చెబుతారు. నాకు అట్లా అనిపించదు. తమ ఊళ్ళో తమ భాష వినాలని ఎవరికుండదు? మనకుండే కోరికే వాళ్ళకూ ఉండింది. పైగా ఎం.ఎస్. సుబ్బులక్ష్మి లాంటి మదురై బిడ్డ నోట త్యాగరాజస్వామి తెలుగును విని ఒత్తులు దిద్దుకున్నవాళ్ళం మనం.

మా ఇంటికి వాల్వుల రేడియో 1960ల్లో వచ్చింది. స్విచ్చి వేస్తే వెంటనే మాట్లాడదు. వాల్వులు వేడెక్కాలి, ముందు పచ్చని కన్ను వెలగాలి, స్టేషను సరిగ్గా దొరికితే ఆ కన్ను మూసుకున్నట్టు అవుతుంది. మిద్దె మీద రెండు వెదురు బొంగులు పాతి, మధ్య రాగి జాలీ ఏరియల్ కట్టేవాళ్ళు. ఎర్తు వైరు పెరట్లో పాతిన పైపుకు. ఎండాకాలంలో అక్కడ చెంబుడు నీళ్ళు పోస్తే గరగర తగ్గేది, ఆ పని పిల్లలది. ఏటా పోస్టాఫీసుకు పోయి లైసెన్సు కట్టాలి, పదిహేను రూపాయలు, చిన్న పుస్తకంలో స్టాంపు అంటించి ముద్ర వేసి ఇచ్చేవాళ్ళు. లైసెన్సు లేకుండా రేడియో పెట్టుకుంటే నేరం. ఈ లైసెన్సులు 1980ల నడిమి దాకా ఉండినాయంటే ఇప్పటి పిల్లలు నమ్మరు.

మా వైపు కడప కేంద్రం బాగా వచ్చేది. విజయవాడ పగలు రాదు, పొద్దు గూకినాక వస్తుంది. మీడియం వేవు తరంగాలు పగలు పైకి పోయి కరిగిపోతాయి, రాత్రి ఆకాశంలో ఉండే పొరకు తగిలి దూరానికి వంగి వస్తాయి. ఇది నాకు చాలా ఏళ్ళ తరవాత తెలిసిన శాస్త్రం. చిన్నప్పుడు మా నమ్మకం ఏమంటే, తెలుగు రాత్రి పూట నడిచి వస్తుందని. వచ్చేది, మళ్ళీ జారిపోయేది. ఒక నాటకంలో భార్య అడిగిన ప్రశ్న వినిపించేది, మొగుడి జవాబు సముద్రంలో మునిగిపోయేది. జవాబు ఏమయి ఉంటుందో అవ్వ కల్పించి చెప్పేది. తరచు అసలు దానికన్నా అదే బాగుండేదేమో.

సినిమా పాటలకు రేడియో సిలోన్. 1952 నుంచి పదేళ్ళు సమాచార మంత్రిగా ఉండిన బి.వి. కేస్కర్‌కు సినిమా పాటలంటే గిట్టదు, ఆకాశవాణిలో వాటిని అదుపులో పెట్టినాడు. జనం ముల్లును కొలంబో వైపు తిప్పినారు. 1957లో వివిధ భారతి పెట్టవలసి వచ్చింది అందుకే. సిలోన్‌లో తెలుగు పాటలు వేసే మీనాక్షి పొన్నుదురై గొంతు వినని తెలుగు ఇల్లు ఆ రోజుల్లో తక్కువ. చూడండి వింత. ఆ పాటలు రికార్డయింది వడపళని, కోడంబాక్కం స్టూడియోల్లో. మా ఇంటికి రైల్లో రెండు గంటల దూరం. అవి సముద్రం దాటి సిలోన్ పోయి, షార్ట్ వేవులో ఊగుతూ మళ్ళీ సముద్రం దాటి మా క్వార్టర్సుకు వచ్చేవి.

రికార్డ్ ప్లేయరు మా ఇంట్లో ఎప్పుడూ లేదు, కలిగిన చుట్టాల ఇంట్లో ఉండింది. దాని గురించి ఎక్కువ చెప్పను. రెండు ఎల్పీలు మటుకు చెప్పాలి. ఎం.ఎస్. సుబ్బులక్ష్మి గారి వేంకటేశ సుప్రభాతం 1963లో వచ్చింది. అది సంస్కృతం, అయినా తెల్లవారుజామున మన వీధుల్ని ఏడుకొండల పక్కకు జరిపింది. రెండోది ఘంటసాల గారి భగవద్గీత. ఆయన 1974 ఫిబ్రవరి 11న మద్రాసులోనే కన్నుమూసినారు. శ్లోకం సంస్కృతంలో, వెంటనే అర్థం తెలుగులో, నిదానంగా, ఒక్కో మాటా విడదీసి. ఒత్తులు నేర్చుకోవాలంటే ఇప్పటికీ నేను చెప్పేది ఆ రికార్డే. నేను 'భ', 'ధ', 'ఘ' సరిగ్గా పలికింది దాని వెంట పలికి పలికి.

ఇక కేసెట్టు. ఫిలిప్స్ కంపెనీ 1963లో బయటపెట్టింది, మన ఇళ్ళకు నిజంగా చేరింది 1980 ప్రాంతంలో. నేను అప్పుడే రైల్వేలో చేరినాను, పార్సిల్ ఆఫీసులో. సింగపూర్ నుంచో గల్ఫు నుంచో వచ్చినవాళ్ళు టూ-ఇన్-వన్ భుజాన వేసుకుని దిగేవాళ్ళు. కాదంటే మద్రాసులో బర్మా బజారు ఉండనే ఉంది. డబ్బు తక్కువుంటే రిచీ స్ట్రీటులో విడి భాగాలు కొని కుర్రాళ్ళే బిగించి ఇచ్చేవాళ్ళు. ప్రతి ఊళ్ళో ఒక రికార్డింగ్ సెంటరు వెలిసింది. ఖాళీ కేసెట్టు, పాటల జాబితా ఇస్తే ఎల్పీల నుంచి ఎక్కించి రెండు రోజుల్లో ఇచ్చేవాళ్ళు. నేను ఇచ్చిన జాబితా తమిళ లిపిలో తెలుగు పాటలు. షాపువాడు చదివి "సార్, ఇదు ఎన్న పాట్టు?" అని అడిగేవాడు. నేను పాడి చూపించేవాణ్ణి. క్యూలో నిలబడినవాళ్ళు నవ్వేవాళ్ళు. లిపి చేయలేని పని గొంతు చేసిందంటే ఇంతకన్నా సాక్ష్యం ఏం కావాలి?

కేసెట్టు తెచ్చిన అసలు మార్పు వేరే ఉంది. అంతకు ముందు పెట్టెలన్నీ మనకు వినిపించినాయి. కేసెట్టు పెట్టె మనల్ని వినింది. ఎర్ర మీట నొక్కితే చాలు, మన ఇంటివాళ్ళ గొంతు నిలిచిపోతుంది. మా అవ్వ గొబ్బిపాటలు, మంగళహారతి, బిడ్డను ఊపే లాలి, ఒక పొడుపు కథ, మధ్యలో పాలు పొంగిన గోల, అన్నీ ఒక అరవై నిమిషాల కేసెట్టులో ఉన్నాయి. ఆ పాటల్లో కొన్ని మాటలు ఆంధ్ర నుంచి వచ్చిన ఏ పుస్తకంలోనూ నాకు కనబడలేదు. తమిళ మాటలు కలిసినాయి, పాత తెలుగు మాటలు మిగిలినాయి. హోసూరు వాళ్ళది ఒక రకం, కోయంబత్తూరు కమ్మవారిది ఒక రకం, మదురై వైపుది ఇంకో రకం. బడి లేని భాషకు ఇవే పుస్తకాలు. మన సంఘంలో ఎన్ని ఇళ్ళల్లో ఇట్లాంటి కేసెట్లు అటక మీద ఉన్నాయో ఆలోచించండి. ఒక చుట్టాల ఇంట్లో ఇల్లు మారేటప్పుడు నిండు పెట్టె పాత సామాన్లవాడికి వేసినారు. అందులో వాళ్ళ తాత హరికథ ఉండింది.

1990ల్లో వచ్చిన పెట్టెల గురించి కోపం లేకుండా రాయలేను. ముందర రంగు దీపాలు, వెనక 'రెండు వేల వాట్స్ పీఎంపీఓ' అని స్టిక్కరు. పీఎంపీఓ అంటే కన్ను మూసి తెరిచే లోపల ఒక్క క్షణం వచ్చే శక్తిని ఎట్లాగో లెక్క కట్టి పెంచి రాసే అంకె, దానికి ఖచ్చితమైన కొలత లేదు. నిలకడగా వచ్చేది ఆర్ఎంఎస్ వాట్లు, ఆ పెట్టెల్లో అది ముప్పయ్యో నలభయ్యో ఉంటే గొప్ప. దుం దుం అని తలుపులు అదిరేవి, మాట మటుకు దుప్పటి కింద నుంచి వచ్చినట్టు. మన ఇళ్ళల్లో పిల్లలు తెలుగు వినడం మానేసింది అప్పుడే. దానికి కేబుల్ టీవీ, ఇంగ్లీషు మీడియం పెద్ద కారణాలు, ఒప్పుకుంటాను. గాని మాట తెలియని పెట్టె ముందర ఏ పిల్లవాడు పదాలు పట్టుకుంటాడు?

ఇప్పుడు ఏది కొనాలో చెబుతాను. షాపుకు పోక ముందు అటక ఎక్కండి. ఇంట్లో ఏమున్నాయో చూడండి, 78 ప్లేట్లా, ఎల్పీలా, కేసెట్లా, ఏమీ లేవా. దాన్ని బట్టి యంత్రం.

ఏమీ లేవు, ఫోను నుంచి పాటలే అంటే పని సులువు. రెండు చానళ్ళ ఆంప్లిఫయరు, ఒక జత స్పీకర్లు. పన్నెండు అడుగులకు పదిహేను అడుగుల హాలుకు చానల్‌కు ముప్పయి నుంచి యాభై ఆర్ఎంఎస్ వాట్లు చాలు. వాట్లు రెట్టింపు చేస్తే శబ్దం రెట్టింపు కాదు, పెరిగేది మూడు డెసిబెల్లే. చెవికి రెట్టింపుగా వినబడాలంటే సుమారు పది రెట్లు కావాలి. అందుకని వాట్లకు పెట్టే డబ్బు మంచి స్పీకర్లకు పెట్టండి. అయిదు స్పీకర్లు, ఆరు స్పీకర్లు ఇంగ్లీషు సినిమాలకు. మన పాత పాటలు మోనో, వాటికి రెండే ఎక్కువ. సౌండ్ బార్ టీవీ మాటలకు పరవాలేదు, పాటలకు పెట్టుకున్నప్పుడు అందులో సరౌండ్ మీట ఆపేయండి, గొంతు పలచబడుతుంది.

షాపులో వాళ్ళు పెట్టే పాట వినవద్దు. వాళ్ళ స్పీకరు మెరవాలని ఏరి పెట్టుకున్న పాట అది. మీ ఫోనులో ఘంటసాల గారి గీతో, మీకు కంఠతా వచ్చిన పద్యమో తీసుకుపోండి. శబ్దం తగ్గించి పెట్టండి. శ, ష, స మూడూ వేరువేరుగా వినిపిస్తున్నాయా? 'భ'లో ఊపిరి తెలుస్తోందా? తెలిస్తే మంచి స్పీకరు, ధర ఎంతైనా కానీ. సకారాలు ఈలలాగా చెవిలో గుచ్చుకుంటే వద్దు, అది గంట సేపు వినలేరు.

ఎక్కడ పెట్టాలి? షోకేసు అరల్లో దూర్చకండి, బీరువా మీద ఎక్కించకండి. మన ఇళ్ళల్లో నూటికి తొంభై చోట్ల జరిగేది ఇదే. గోడకు, మూలకు అంటుకుంటే మోత పెరిగి మాట మునుగుతుంది. గోడకు కనీసం అడుగు దూరంలో, పైన ఉండే చిన్న స్పీకరు కూర్చున్న మీ చెవి ఎత్తుకు వచ్చేట్టు పెట్టండి. రెండు స్పీకర్ల మధ్య ఎంత దూరమో, మీకూ వాటికీ సుమారు అంతే దూరం. టైల్సు నేల, ఖాళీ గోడలు ఉంటే రైల్వే ప్లాట్‌ఫారం మీద అనౌన్సుమెంటు లాగే ఉంటుంది, ఏ బండి ఎక్కడికో తెలియదు. నేల మీద ఒక భవాని జమక్కాళం పరవండి, కిటికీకి మందం తెర వేయండి, పుస్తకాల అర ఉంటే ఎదురు గోడకు పెట్టండి. ఈ మూడూ కలిపి చేసే మేలు ఖరీదైన వైరు చేయదు. మామూలు రాగి వైరు చాలు. ఎర్ర కొన ఎర్ర దానికి, నల్లది నల్ల దానికి రెండు పక్కలా ఒకే విధంగా ఉండాలి. సరిచూసే ఉపాయం ఏమంటే, ఒక పాత మోనో పాట పెట్టండి. గొంతు సరిగ్గా రెండింటి నడిమి ఖాళీ జాగా నుంచి రావాలి. ఎక్కడ నుంచి వస్తోందో తెలియక చెదిరిపోతే ఒక పక్క వైర్లు తారుమారు అయినాయి.

ఎల్పీలు ఉన్నవాళ్ళు ఆంప్లిఫయరులో 'ఫోనో' అనే రంధ్రం ఉందో లేదో చూడండి. ఎల్పీ సూది నుంచి వచ్చేది నాలుగైదు మిల్లీవోల్టులే. పైగా ప్లేటు కోసేటప్పుడు మంద్రం తగ్గించి, తారం పెంచి కోస్తారు. ఫోనో భాగం రెంటినీ తిరిగి సరిచేస్తుంది. ఆక్స్‌లో నేరుగా గుచ్చితే దోమ పాడినట్టు వస్తుంది, ప్లేయరు పాడయిందని అనుకుంటారు. టర్న్‌టేబుల్ వెనక సన్నటి ఎర్తు వైరు ఒకటి వేలాడుతుంటుంది, దాన్ని ఆంప్లిఫయరు ఎర్తు మరకు బిగించకుంటే ఉమ్మని మోత. సూట్‌కేసు ఆకారంలో చవకగా వచ్చే కొత్త ప్లేయర్లు చూడటానికి ముద్దుగా ఉంటాయి, వాటిలో చాలా వాటికి సూది బరువు ఎక్కువ, ఎల్పీని అరగదీస్తాయి.

78 ప్లేట్లు ఉంటే ఇంకో జాగ్రత్త. వాటి గాడి వెడల్పు. ఎల్పీ సూది అందులో అడుగున పడి దుమ్మును దున్నుతుంది. మూడింతల లావు ఉండే 78 సూది వేరే అమ్ముతారు. యంత్రంలో 78 వేగం ఉందో లేదో కొనక ముందే అడగండి, చాలా వాటిలో 33, 45 మాత్రమే. లక్క ప్లేటును స్పిరిటుతో తుడవకండి. ఎల్పీ అలవాటుతో చాలామంది తుడుస్తారు. స్పిరిటులో లక్క కరుగుతుంది, పాట గుడ్డకు అంటుకుని పోతుంది. ఒకదాని మీద ఒకటి పేర్చకండి, నిలబెట్టండి.

కేసెట్ల పని అన్నిటికన్నా తొందరది. టేపు ఉన్నా దాన్ని తిప్పే యంత్రం, ఆ యంత్రం బాగుచేసే చెయ్యి, రెండూ తగ్గిపోతున్నాయి. పాత డెక్కు ఉంటే ముందు బెల్టు మార్పించండి, రబ్బరు సాగి ఉంటే గొంతు ఈడ్చినట్టు వస్తుంది. హెడ్డును ఐసోప్రొపైల్ ఆల్కహాలుతో తుడవండి. టేపు మీద తెల్లటి బూజు కనబడితే వెంటనే ఆడించకండి, తెలిసినవాళ్ళకు చూపించండి. ఆడించే ముందు ఈ కొస నుంచి ఆ కొసకు ఒకసారి చుట్టి మళ్ళీ వెనక్కి చుట్టండి, అంటుకున్న పొరలు విడిపోతాయి. కేసెట్టు పై అంచున రెండు చిన్న ప్లాస్టిక్ పలకలు ఉంటాయి, వాటిని విరిచేయండి. అప్పుడు ఎవరు ఎర్ర మీట నొక్కినా అవ్వ మీద ఐపీఎల్ ఎక్కదు. హెడ్డు పక్కన చిన్న మర ఉంటుంది. దాన్ని వెంట్రుకవాసి తిప్పుతూ వింటే ఒక చోట 'స' తేటపడుతుంది. అక్కడ ఆపండి.

కంప్యూటరులోకి ఎక్కించేటప్పుడు ఎంపీ3 వద్దు, 24 బిట్ వేవ్ ఫైలుగా తీయండి. గరగర తీసేస్తామని సాఫ్ట్‌వేరు గట్టిగా వాడితే గరగరతో పాటు శ, స కూడా పోతాయి. అసలు ఫైలును ముట్టుకోకుండా ఉంచి, తుడిచినది వేరే పేరుతో దాచండి. ఒక కాపీ ఇంట్లో, ఒక కాపీ వేరే ఊళ్ళో ఉండే బిడ్డ దగ్గర. ఫైలు ముందర మీ గొంతుతో గౌహర్ జాన్ లాగా చెప్పి పెట్టండి, పాడింది ఎవరు, మీకు ఏం కావాలి, ఏ ఊరు, ఏ ఏడు, ఎవరింట్లో తీసినారు. కేసెట్టు మూత మీద చేత్తో రాసినది ఉంటే, అది తమిళ అక్షరాల్లో ఉన్నా సరే, దానికి కూడా ఫోటో తీసి పక్కన పెట్టండి.

అరవై, తొంభై నిమిషాల కేసెట్లు తిప్పడానికి పనిచేసే డెక్కు ఒకటి నా దగ్గర ఉంది. ఆదివారాలు ఖాళీ. పెరంబూరు చుట్టుపక్కల ఉన్నవాళ్ళు ముందే ఒక మాట చెప్పి తీసుకురండి. కేసెట్లను ఎండలో స్కూటరు డిక్కీలో మటుకు పెట్టి తేవద్దు.